తలంబ్రాలు, నాలుగు కోర్లు, ఒక డీవీడీ రైటర్

పెళ్లి వీడియో మొత్తంలో కంప్యూటర్ని ఏడిపించేది తలంబ్రాల ఘట్టం. మిక్సింగ్ చేసినవాళ్లెవరినైనా అడగండి, ఇదే చెబుతారు. పంతులుగారు మంత్రాలు చదివినంతసేపూ తెర మీద కదిలేది ఆయన పెదాలూ కాస్త హోమం పొగా, అంతే. తలంబ్రాలు మొదలయ్యాయంటే మాత్రం తెర నిండా బియ్యపు గింజలు, వాటిలో కలిపిన థర్మాకోల్ పూసలు, పైన రంగు కాగితాలు, చుట్టూ ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఏ ఫ్రేముకీ పక్క ఫ్రేముతో పోలికే ఉండదు.

వీడియోని కుదించి రాసే ప్రోగ్రామే ఎన్‌కోడర్. దాని బతుకంతా ఆ పోలిక మీదే. డీవీడీకి వాడే ఎంపెగ్-2 అయినా, తరవాత వచ్చిన హెచ్264 అయినా, ఫ్రేమును 16×16 పిక్సెళ్ల గళ్లుగా కోసి, 'ఈ గడి ఇందాకటి ఫ్రేములో ఎక్కడుంది, ఎటు జరిగింది' అని వెతుకుతుంది. దొరికితే బొమ్మ మళ్లీ రాయక్కర్లేదు, జరిగిన దూరం రాస్తే చాలు. మన టీవీ పద్ధతి పాల్, అందులో వీడియో 720×576. అంటే ఫ్రేముకి 1,620 గళ్లు. సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి 40,500 వెతుకులాటలు, ఒక్కో వెతుకులాటలో బోలెడు పోలికలు. తలంబ్రాల్లో ఎంత వెతికినా సరైన జోడీ దొరకదు. అయినా వెతకడం మానదు పాపం.

మాది రాజమండ్రి. 2000ల మొదట్లో మా ఇంటి వెనక గదిలో పెంటియం 4 పెట్టుకుని పెళ్లిళ్లకి మిక్సింగ్ చేసేవాణ్ణి. క్యామ్‌కార్డర్లో వాడే గంట మినీడీవీ టేపుని ఫైర్‌వైర్ అనే కేబుల్ మీదుగా కంప్యూటర్లోకి క్యాప్చర్ చేస్తే 13 జీబీ దాకా వచ్చేది. ఎడిటింగ్ అయ్యాక అసలు తంటా మొదలయ్యేది. పెళ్లివారికి మొత్తం ఒక్క డిస్క్‌లోనే కావాలి. 4.7 జీబీలో రెండు గంటలు పట్టాలంటే ఆడియోతో కలిపి సెకనుకి అయిదు మెగాబిట్ల పైచిలుకు దక్కుతుంది. నాలుగు గంటలు కుక్కమంటే రెండున్నరే. డీవీడీ వీడియోకి 9.8 మెగాబిట్ల దాకా వీలున్నా మనకి ఆ భోగం లేదు. అందుకని టూ పాస్ ఎన్‌కోడింగ్. మొదటి విడత సినిమా అంతా చూసి ఎక్కడ కదలిక ఎక్కువో లెక్క రాసుకుంటుంది. రెండో విడతలో మంత్రాల దగ్గర మిగిల్చిన బిట్లు తెచ్చి తలంబ్రాల మీద పోస్తుంది. నాణ్యత బాగుంటుంది, కానీ పని రెట్టింపు. సాయంత్రం పెడితే తెల్లారేదాకా నడిచేది. ఈలోగా కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆదుకుంటుంది? 'డిస్క్ ఎప్పుడిస్తారండీ?' అని పొద్దున్నే పెళ్లికూతురి తండ్రిగారు వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

ఆయన పెద్దబ్బాయి అమెరికాలో ఉంటే ఇంకో పురాణం. అక్కడి మామూలు డీవీడీ ప్లేయర్లు పాల్ డిస్క్ ఆడించేవి కావు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ కావాలి, అంటే 720×480, సెకనుకి 29.97 ఫ్రేములు. ఫ్రేము సైజు మార్చాలి, వేగం మార్చాలి, కదిలేచోట కనిపించే అడ్డగీతలు తీయాలి, మళ్లీ టూ పాస్. అదే పెళ్లికి ఇంకో రాత్రి. గోదావరి జిల్లాల్లో అమెరికా చుట్టం లేని పెళ్లి ఎక్కడుంది చెప్పండి?

ఆ రోజుల్లో అందరి ఆశా గిగాహెర్ట్జ్ మీదే, అంటే ప్రాసెసర్ వేగం మీదే. ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తానని చెప్పి, 2004 అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. వేడి అడ్డుపడింది. ఒక్క కోరునే (ప్రాసెసర్లో లెక్కలు చేసే భాగం) ఇంకా పరిగెత్తించడం కుదరక, 2005లో రెండు కోర్లవి వచ్చాయి: పెంటియం డి, ఏఎండీ వాళ్ల అథ్లాన్ 64 ఎక్స్2. 2006లో కోర్ 2 డుయో. 2007 జనవరిలో నాలుగు కోర్ల క్యూ6600. ధర దిగాక నేను తీసుకున్నది అదే. 2.4 గిగాహెర్ట్జే. 'నా పాత పెంటియం 3 గిగాహెర్ట్జ్, ఇదేంటి తక్కువ' అని షాపులో గొణిగినవాళ్లని నేనే విన్నాను.

ఏ కోరు ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్‌లో నాలుగు గడులూ ఒకేసారి పైకి అంటుకోవడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. భోజనం చేసి వచ్చేసరికి ఒక విడత అయిపోయేది.

ఒక వీడియోని నలుగురు ఎలా పంచుకుంటారు? ముందు ఫ్రేము చూడకుండా తరవాతిది చేయలేం కదా. హెచ్264కి వాడే ఎన్‌కోడర్ ఎక్స్264 దీనికి చేసే ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది. ఒక కోరు తన ఫ్రేములో పైవరసలు ముగించి కిందికి దిగుతుండగానే ఇంకో కోరు తరవాతి ఫ్రేము పైవరసలు మొదలెట్టేస్తుంది. బంతిలో పప్పు వడ్డించేవాడు నాలుగు ఆకులు ముందుకి జరగ్గానే కూర గిన్నె వెనకే బయల్దేరినట్టు. ముందువాడికి మరీ దగ్గరగా రాకూడదు, అంతే నియమం. పాల్ ఫ్రేములో ఉన్నవి 36 గళ్ల వరసలే కాబట్టి మరీ ఎక్కువ మందిని దింపితే ఒకరి వెనక ఒకరు ఆగిపోతారు. పాత పెళ్లి వీడియోలకి పదహారు కోర్లు పెట్టినా దండగ అనేది ఇందుకే. అదే 4కే ఫ్రేములో 135 వరసలు, అక్కడ చోటుంది.

ఇంకో చిక్కు ఉంది. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో పూలు రాలే టైటిళ్లూ, గుండె ఆకారంలో తెరుచుకునే ట్రాన్సిషన్లూ అన్నీ ఒక్క కోరు మీదే నడిచేవి. అవి వచ్చినప్పుడల్లా ఒక గడి నిండిపోయి, మిగతా మూడూ ఖాళీగా కూర్చునేవి. జీన్ ఆమ్డాల్ 1967లోనే ఈ లెక్క చెప్పాడు. పనిలో అయిదో వంతు పంచుకోవడానికి వీల్లేనిదైతే, నాలుగు కోర్లతో వచ్చే వేగం రెండున్నర రెట్లే. వెయ్యి కోర్లు పెట్టినా అయిదు రెట్లు దాటదు. దాంతో గుండెకాయ ట్రాన్సిషన్లు తగ్గించాను. వీడియో కూడా బాగుపడిందని నా అభిప్రాయం. పెళ్లివారిలో కొందరు ఒప్పుకోలేదనుకోండి.

ఇక రైటింగ్ దగ్గరికి వద్దాం. 'ప్రాసెసర్ మార్చాను, డీవీడీ త్వరగా రైట్ అవుతుందా?' అని చాలామంది అడిగేవారు. అవదండీ. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకి 1,385 కిలోబైట్లు. 16ఎక్స్ అంటే 22 మెగాబైట్లు, అదీ డిస్క్ అంచు దగ్గరికి చేరాకే. లోపలి చుట్లలో అందులో సగం కూడా ఉండదు. అప్పటికే డిస్క్ నిమిషానికి పదివేల చుట్లు దాకా తిరుగుతోంది. పాలికార్బొనేట్ బిళ్లని అంతకంటే తిప్పితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నిండు డిస్క్‌కి ఆరేడు నిమిషాలు. ఆ సమయం పెంటియం మీదా అంతే, క్యూ6600 మీదా అంతే. చవక డిస్కులైతే నేను 8ఎక్స్ దాటించేవాణ్ణే కాదు.

మరి కోర్లతో రైటింగ్‌కి ఒరిగేది ఏమీ లేదా? ఉంది, వేరే దారిలో. రాయబోయే డేటాని కాసేపు దాచుకునే బఫర్ రైటర్లో సాధారణంగా 2 మెగాబైట్లు. 8ఎక్స్ దగ్గర సెకనుకి 11 మెగాబైట్లు తాగేస్తుంటే ఆ బఫర్ సెకనులో అయిదో వంతుకే ఖాళీ. ఒక్క కోరు సిస్టమ్‌లో పక్కన రెండరింగ్ నడుస్తుంటే అంతలోపు డేటా అందకపోవచ్చు. తొలినాళ్ల సీడీ రైటర్లలో అలా జరిగితే డిస్క్ చెత్తబుట్టకే. తరవాత బఫర్ అండర్‌రన్ రక్షణ వచ్చింది. లేజర్ ఆగి, డేటా వచ్చాక ఆగినచోటి నుంచే అందుకుంటుంది. అయినా ఆగి ఆగి రాసిన డిస్క్ మీద నాకు గురి కుదరదు. అందుకే ఒకప్పుడు రైటింగ్ నడుస్తుంటే మౌస్ కూడా ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు, మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నాలుగు కోర్లు వచ్చాక అమెరికా కాపీ ఎన్‌కోడ్ అవుతుండగానే రాజమండ్రి కాపీలు ఒకదాని తరవాత ఒకటి రైట్ చేసేసేవాణ్ణి. ఒక్క షరతు: రెండు పనులకీ రెండు వేరు హార్డ్‌డిస్కులుండాలి. ఒకే డిస్క్ అయితే దాని హెడ్ అటూ ఇటూ పరిగెత్తి అలిసిపోతుంది, ఎన్ని కోర్లున్నా దిక్కులు చూస్తూ కూర్చోవలసిందే.

ఇప్పుడు నా దగ్గర ఆరు కోర్ల రైజెన్ 5 3600 ఉంది. జనం పాత టేపులూ డీవీడీలూ తెచ్చి ఫోన్లో చూసుకునేలా చేసిపెట్టమంటారు. మొన్న మా మేనల్లుడు, 'మావయ్యా, ఇంకా సీపీయూ మీద ఎన్‌కోడ్ చేస్తావేంటి, గ్రాఫిక్స్ కార్డుకి పడెయ్' అన్నాడు. వాడన్నది నిజమే. 2011లో ఇంటెల్ క్విక్ సింక్, మరుసటి ఏడాది ఎన్‌విడియా ఎన్‌వెంక్ వచ్చాక ఈ పనికి ప్రత్యేకంగా ఒక సర్క్యూటే ఉంది, నిమిషాల్లో తేల్చేస్తుంది. కాకపోతే ఒకే సైజు ఫైలు పెట్టి రెండిట్లోనూ తలంబ్రాలు చూపించాను. కార్డు చేసినదాంట్లో పెళ్లికూతురి చీర అంచు గళ్లుగళ్లుగా విడిపోయింది. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాములో ఎక్స్264 స్లో ప్రీసెట్ (నిదానంగా, శ్రద్ధగా చేసే సెట్టింగు) పెట్టి చేసినదాంట్లో జరీ జరీలాగే ఉంది. వాడు రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి, 'సరే, నీ ఇష్టం' అన్నాడు.

కోర్లు మిగిల్చిన టైమంతా నేను ఆ స్లో ప్రీసెట్‌కే పెడతాను. తొందరగా ముగించి చేసేదేముంది?

ఈ పని ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి తల బద్దలు కొట్టుకోకండి, ఆరు కోర్లు ధారాళంగా చాలు. మిగిలిన డబ్బుతో ముందు ఫైర్‌వైర్ కార్డు వెతుక్కోండి, కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టు ఉండదు. ఆ తరవాత పనిచేసే మినీడీవీ క్యామ్‌కార్డర్ ఒకటి, హెడ్ క్లీనింగ్ క్యాసెట్‌తో సహా. గంట టేపు ఇప్పటికీ గంటసేపే ఆడుతుంది కాబట్టి, టేపుల సంచీ పెద్దదైతే క్యామ్‌కార్డర్లు రెండు చూసుకోండి.