పరాయి న్యూస్‌రూముల మధ్య పీఆర్ ఉద్యోగం

ప్రజా సంబంధాల రంగంలో, అంటే వాడుకలో పీఆర్ అని చెప్పుకునే వృత్తిలో, విదేశాలకు వెళ్లి పనిచేయాలనుకునే వారికి మొదట దొరికే శిక్షణ చాలావరకు మర్యాదలకు సంబంధించినదే. జపాను వారికి విజిటింగ్ కార్డు రెండు చేతులతో అందించాలని, జర్మన్లను తొలి పరిచయంలోనే సొంత పేరుతో పిలవకూడదని, గల్ఫ్ దేశాల్లో అసలు విషయానికి ముందు కుశల ప్రశ్నలు వేయాలని చెప్పే తరగతులు ఒక పూటలో ముగుస్తాయి. వాటి వల్ల నష్టమేమీ లేదు. అయితే లండన్‌లోని ఒక పీఆర్ ఏజెన్సీలో చేరి, ఇతర దేశాల క్లయింట్ల పని చూస్తూ వచ్చిన నాకు ఆ పాఠాలు అక్కరకు వచ్చిన సందర్భాలు తక్కువ. విదేశీయుడు కార్డును ఒంటి చేత్తో ఇచ్చినా పెద్దమనసుతో సరిపెట్టుకుంటారు. ఆ దేశంలో వార్త ఎవరి చేతుల మీదుగా పత్రికలోకి వెళుతుందో, విలేకరికీ సంస్థ ప్రతినిధికీ మధ్య ఎలాంటి అలిఖిత ఒప్పందాలు నడుస్తాయో తెలియకుండా పని మొదలుపెట్టినవాడిని మాత్రం ఎవరూ సరిపెట్టుకోరు. ఈ వృత్తికి సిద్ధం కావడమంటే ముఖ్యంగా ఆ ఒప్పందాలను నేర్చుకోవడమేనని నేను అనుకుంటాను.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జర్మన్ ఇంజినీరింగ్ సంస్థ అధికారికీ లండన్ పత్రిక ఒకదాని వ్యాపార విలేకరికీ మేము ఇంటర్వ్యూ ఏర్పాటు చేశాము. సంభాషణ సాఫీగా సాగింది. చివర్లో ఆ అధికారి ఎంతో సహజంగా, రాసిన ప్రతిని పంపితే దిద్ది రేపు సాయంత్రానికల్లా తిరిగి పంపుతానని అన్నాడు. విలేకరి నోట్‌బుక్ మూసి, అది కుదరదని ఒక్క మాటలో తేల్చేశాడు. జర్మనీలో ప్రశ్న-జవాబు రూపంలోని ఇంటర్వ్యూను అచ్చుకు ముందు మాట్లాడిన వ్యక్తికి చూపించి సమ్మతి తీసుకునే పద్ధతి ఉంది. దాన్ని ‘ఆటోరిజీరుంగ్’ అంటారు, అక్కడి ప్రసిద్ధ పత్రికలు కూడా దాన్ని పాటిస్తాయి. బ్రిటన్, అమెరికా విలేకరులకు అదే కోరిక సంపాదక స్వేచ్ఛలో వేలు పెట్టడంగా తోస్తుంది. ఆ గదిలో ఇద్దరూ తమ తమ వృత్తి ధర్మానికి కట్టుబడే మాట్లాడారు. ఇద్దరికీ ఎదుటివాడు హద్దు దాటినట్టే కనిపించింది. ఇలాంటి ఇంటర్వ్యూకు ముందే రెండు వైపులకూ విడివిడిగా ఫోన్ చేసి, వ్యాసం చూపించరని ఒకరికి, అంకెలూ సాంకేతిక వివరాలూ మాత్రం ఫోన్‌లో సరిచూసుకుంటే మంచిదని మరొకరికి చెప్పి, సంభాషణను మా వైపు నుంచి కూడా రికార్డు చేసుకోవడం ఇప్పుడు మా ఏజెన్సీలో మామూలు పనైపోయింది. క్లయింటు భయం తగ్గడానికి ఆ రికార్డింగు ఒక్కటే చాలాసార్లు సరిపోతుంది.

జర్మనీ సంగతి వచ్చింది కాబట్టి మరో మాట. బెర్లిన్‌లో ప్రభుత్వ ప్రతినిధులు క్రమం తప్పకుండా వచ్చి ప్రశ్నలకు జవాబిచ్చే ‘బుండెస్‌ప్రెస్సెకోన్‌ఫెరెంజ్’ ప్రభుత్వం నడిపే ప్రెస్ మీట్ కాదు. అది 1949లో విలేకరులు పెట్టుకున్న సంఘం. మంత్రులూ అధికార ప్రతినిధులూ అక్కడికి అతిథులుగా వస్తారు, సభను నడిపేది విలేకరే. ఎవరిని ప్రశ్న అడగనివ్వాలో, సమావేశం ఎప్పుడు ముగించాలో శ్వేతసౌధం ప్రెస్ సెక్రటరీ నిర్ణయించే పద్ధతికి అలవాటుపడిన వారికి ఈ ఏర్పాటు తలకిందులుగా కనిపిస్తుంది. ఆఫ్ ది రికార్డ్ విషయంలోనూ అక్కడి వారికి స్పష్టమైన మెట్లున్నాయి: ‘ఉంటర్ ఐన్స్’ అంటే పేరుతో సహా రాయవచ్చు, ‘ఉంటర్ జ్వై’ అంటే సమాచారాన్ని వాడుకోవచ్చు కానీ వ్యక్తి పేరు బయటపెట్టకూడదు, ‘ఉంటర్ డ్రై’ అంటే అది విలేకరి అవగాహన కోసమే. లండన్‌లో ఇదంతా ఇంత గట్టిగా ఉండదు. మాట్లాడటం మొదలుపెట్టక ముందే షరతు ఏమిటో ఒప్పుకోవాలి, మాట జారిన తర్వాత ఇది రాయవద్దని కోరే హక్కు ఎవరికీ లేదు, అంతే. ఇంత చిన్న నియమం తెలియక ఇబ్బంది పడే అధికారులు ఏ దేశంలోనైనా కనిపిస్తారు, అందుకే క్లయింటుతో మొదటి సమావేశంలోనే దాన్ని చెప్పేస్తాము.

జపానులో కథ మరోలా ఉంటుంది. అక్కడ మంత్రిత్వ శాఖల్లోనూ, పరిశ్రమల సంఘాల్లోనూ, స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ విలేకరుల క్లబ్బులు ఉంటాయి. ‘కిషా క్లబ్’ అని పిలిచే ఈ వ్యవస్థ 1890ల నాటిది. ప్రెస్ నోటును ఆ క్లబ్‌కు అందిస్తే సభ్య పత్రికలన్నిటికీ ఒకేసారి చేరుతుంది. లండన్‌లో ఒక మంచి వార్తను ముందుగా ఒక్క పత్రికకే ఇచ్చి, బదులుగా మొదటి పేజీలో చోటు అడగడం నిత్యం జరిగే బేరమే. అదే ఎత్తుగడ టోక్యోలో వేస్తే మిగిలిన పత్రికల విలేకరులు ఆ సంస్థను చాలా కాలం గుర్తుపెట్టుకుంటారు. సంస్థ లోపల ఆమోదం కూడా ఇలాగే నెమ్మదిగా, అందరినీ ఒప్పించుకుంటూ కదులుతుంది. ఒక పేరాకు ఏడెనిమిది మంది అనుమతి కావలసి వస్తే, లండన్ సహోద్యోగి దాన్ని నిర్లక్ష్యమని అనుకుంటాడు. నిజానికి ఆ ఏడెనిమిది మందీ ఒప్పుకున్న తర్వాత ఆ వాక్యాన్ని ఇక ఎవరూ మార్చరు. బ్రిటిష్ సంస్థల్లో ఉదయం ఒకే ఒక్కరు ఆమోదించిన వాక్యం మధ్యాహ్నానికి మూడుసార్లు మారిపోతుంది, కాబట్టి మొత్తం మీద ఎవరు ఎక్కువ సమయం తీసుకుంటారో చెప్పడం కష్టం.

గడియారం విషయం చిన్నదే అయినా కొత్తగా చేరినవారిని ఎక్కువగా ఇరుకున పెట్టేది అదే. ఫలానా సమయం వరకు ప్రచురించవద్దనే షరతుతో, అంటే ఎంబార్గోతో, నాలుగు దేశాలకు ఒకే వార్త పంపేటప్పుడు ప్రతి నగరం సమయాన్నీ విడిగా రాయాలి. అమెరికా గడియారాలు మార్చిలో రెండో ఆదివారం నాడు ముందుకు జరుగుతాయి, బ్రిటన్, ఐరోపా గడియారాలు నెలాఖరు ఆదివారం వరకు ఆగుతాయి, జపాను గడియారం అసలు కదలదు. ఆ మధ్య వారాల్లో లండన్, న్యూయార్క్‌ల మధ్య తేడా ఐదు గంటలకు బదులు నాలుగే ఉంటుంది. పాత ప్రెస్ నోటును నకలు చేసి తేదీ ఒక్కటి మార్చి పంపే అలవాటున్న వారికి అప్పుడే ప్రమాదం. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన సంస్థల ప్రకటనలు ఉదయం ఏడు గంటల నుంచి వెలువడతాయి, మార్కెట్ ఎనిమిదికి తెరుచుకుంటుంది; ధరను కదిలించగల సమాచారం అంతకు ముందు ఒక్క విలేకరికి చేరినా అది చట్టపరమైన సమస్య అవుతుంది. సౌదీ అరేబియాలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారి, శుక్రవారాన్ని సగం పనిదినం చేసింది. రియాద్ క్లయింటు ఉన్నవాడికి ఆదివారం సెలవు అనేది కాగితం మీదే ఉంటుంది.

క్షమాపణ గురించి కొంత విపులంగా చెప్పాలి. సంక్షోభ సమయంలో క్లయింటు మా నుంచి ఆశించే సలహాల్లో మొదటిది అదే, దేశానికీ దేశానికీ అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించేదీ అందులోనే. 2010 ఫిబ్రవరిలో లక్షలాది కార్లను వెనక్కి రప్పించవలసి వచ్చినప్పుడు టొయోటా అధ్యక్షుడు అకియో టొయోడా జపానులో విలేకరుల ముందుకు వచ్చి తల వంచాడు. ఆ వంగడం చాలినంత లోతుగా లేదని విమర్శలు వచ్చాయి. అదే నెలలో ఆయన వాషింగ్టన్ వెళ్లి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు క్షమాపణ చెప్పినప్పుడు, సభ్యులకు ఆయన వినయం కన్నా ఏ లోపం సంస్థకు ఎప్పుడు తెలిసిందన్న లెక్క ముఖ్యమైంది. నాలుగేళ్ల తర్వాత, 2014లో, వినియోగదారులకు తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చిన అభియోగాన్ని పరిష్కరించుకోవడానికి ఆ సంస్థ అమెరికా న్యాయశాఖతో 120 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావలసి వచ్చింది.

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగిందనుకోండి. గంటలోపు విడుదల చేయడానికి సిద్ధంగా ఉంచుకునే తొలి ప్రకటనను ‘హోల్డింగ్ స్టేట్‌మెంట్’ అంటాము. అమెరికాలోని న్యాయవాది చేతుల మీదుగా వచ్చిన ప్రతిలో గాయపడినవారికీ వారి కుటుంబాలకూ సానుభూతి ఉంటుంది, అధికారులకు సహకరిస్తున్నామన్న మాట ఉంటుంది, కారణం గురించి ఒక్క అక్షరం ఉండదు. జపాను కార్యాలయం నుంచి వచ్చిన ప్రతి, కారణం ఇంకా తెలియకపోయినా, సమాజానికి ఆందోళన కలిగించినందుకు క్షమించమని కోరడంతోనే మొదలవుతుంది. మొదటిదాన్ని టోక్యోలో చదివితే రాతిగుండె అనిపిస్తుంది, రెండోదాన్ని టెక్సాస్‌లో చదివితే నేరం ఒప్పుకున్నట్టుంటుంది. ఇంగ్లండులో 2006 నాటి పరిహార చట్టం, క్షమాపణ చెప్పడం దానంతట అదే నిర్లక్ష్యాన్ని అంగీకరించినట్టు కాదని స్పష్టం చేసింది. కాలిఫోర్నియా చట్టం ప్రమాద బాధితుల పట్ల చూపిన సానుభూతిని కోర్టులో సాక్ష్యంగా వాడకుండా కాపాడుతుంది కానీ, తప్పు మాదేనన్న మాటను కాపాడదు. పీఆర్ చదువుకునేవారు ఇలాంటి రెండు మూడు చట్టాలనైనా మూలంలో చదవాలి. న్యాయవాదితో వాదించడానికి కాదు. ఏ వాక్యం దగ్గర ఆయన నిజంగా ఆపుతున్నాడో, ఏ వాక్యం దగ్గర కేవలం అలవాటుగా ఆపుతున్నాడో గుర్తించడానికి.

మరొకరి దేశంలో పనిచేసే ఏజెన్సీకి తన ఊరి నియమాలు కాపలా కాయవని 2017లో లండన్ పీఆర్ లోకానికి బాగా తెలిసివచ్చింది. బెల్ పాటింజర్ అనే పేరుమోసిన ఏజెన్సీ, దక్షిణాఫ్రికాలో సంపన్న వ్యాపారులైన గుప్తా కుటుంబపు సంస్థ కోసం నడిపిన ప్రచారం అక్కడి జాతి విభేదాలను రెచ్చగొట్టిందని తేలడంతో బ్రిటిష్ వృత్తి సంఘం పీఆర్‌సీఏ దాన్ని బహిష్కరించింది. అదే నెలలో ఏజెన్సీ మూతపడే స్థితికి చేరింది. ఆ ప్రచారం రాసినవారికి భాషా నైపుణ్యం తక్కువై కాదు, ఆ దేశపు గాయం ఎక్కడుందో తెలియక కూడా కాదు. తెలిసే దాని మీద వేలు పెట్టారు. విలేకరులకు ఇచ్చే కవర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చైనాలో ప్రెస్ మీట్‌కు వచ్చినవారికి రవాణా ఖర్చుల పేరుతో, నైజీరియాలో బ్రౌన్ ఎన్వలప్ పేరుతో డబ్బు చేతులు మారడం అందరికీ తెలిసినదే. స్థానిక భాగస్వామి అది అక్కడి పద్ధతేనని చెప్పవచ్చు, అయినా బ్రిటన్ లంచాల నిరోధక చట్టం, 2010, విదేశాల్లో జరిగిన పనికీ వర్తిస్తుంది.

ఇక పరాయి దేశంలో మన ఉచ్చారణ గురించి. విలేకరికి ఫోన్‌లో వార్త అమ్మే పని, పిచ్ చేయడం, ఇక్కడ పుట్టి పెరిగినవారికే కష్టం. డెడ్‌లైన్ ముందు కూర్చున్న మనిషి అర నిమిషానికి మించి వినడు. యాస మార్చుకోమని సలహా ఇచ్చేవారు ఉంటారు. అది దండగ శ్రమ అని నా ఉద్దేశం. యాస వల్ల పోయే శ్రద్ధ కన్నా పొడవైన ఉపోద్ఘాతం వల్ల పోయే శ్రద్ధ ఎక్కువ. వార్త ఏమిటి, అది ఈ వారమే ఎందుకు, మాట్లాడటానికి ఎవరు సిద్ధంగా ఉన్నారు అన్నవి మొదటి రెండు వాక్యాల్లో వచ్చేస్తే విలేకరి ఏ యాసనైనా భరిస్తాడు. పైగా సమావేశంలో అందరూ తలూపుతున్నప్పుడు, ఇది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అడిగే వెసులుబాటు వలస వచ్చినవాడికే ఎక్కువ. టోక్యో, మ్యూనిక్, రియాద్ క్లయింట్లు ఇంగ్లిషును నాలాగే నేర్చుకుని మాట్లాడేవారు కావడంతో, లండన్ సహోద్యోగుల చమత్కారాలు వారికి అందనప్పుడు ఆ మాటను సాదాగా తిరిగి చెప్పే పని నా వంతుకు వస్తుంటుంది.

చదువు సంగతికి వస్తే, సంస్కృతులను కొలిచే సిద్ధాంతాలు పాఠ్యాంశాల్లో తప్పక ఎదురవుతాయి. వాటిలో బాగా పేరున్నవి, డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ రూపొందించిన కొలమానాలు, ప్రధానంగా 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల మీద జరిపిన సర్వేల నుంచి పుట్టాయి. ఒకే కంపెనీ ఉద్యోగులు అప్పట్లో చెప్పిన జవాబులతో ఇవాళ్టి విలేకరి మనసును అంచనా వేయబోతే పని జరగదు. పరీక్షకు చదువుకుని పక్కన పెట్టడం మేలు. పత్రికలో వచ్చిన ప్రచారం విలువను వాణిజ్య ప్రకటన ధరతో లెక్కకట్టడం సరికాదని, పీఆర్ ఫలితాలను కొలవడానికి రూపొందించిన 2010 నాటి బార్సిలోనా సూత్రాలు చెప్పాయని కూడా గుర్తుంచుకోవాలి, ఆ లెక్కే కావాలని పట్టుబట్టే క్లయింట్లు ఇంకా తగులుతారు.

తొలి ఉద్యోగంగా మీడియా మానిటరింగ్ దొరికితే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. తెల్లవారుజామునే కూర్చుని, అన్ని దేశాల పత్రికల్లో క్లయింటు పేరు ఎక్కడ వచ్చిందో వెతికి, క్లయింటు ఆఫీసుకు చేరేలోపు ఒక పేజీ సారాంశం పంపడం ఆ పని. ఒకే ప్రెస్ నోటు ఒక పత్రికలో మొదటి వాక్యంతో సహా యథాతథంగా వస్తుంది, మరో పత్రికలో మూడో పేరాలోని ఒక్క అంకెగా మిగులుతుంది, ఇంకో పత్రికలో పోటీ సంస్థ వ్యాఖ్యతో మొదలవుతుంది. ఏ డెస్క్ దేన్ని కత్తిరిస్తుందో రోజూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఏజెన్సీలో పైస్థాయి వారికి కూడా ఉండదు. అంతర్జాతీయ క్లయింట్లున్న ఏజెన్సీల ఇంటర్వ్యూల్లో తరచుగా ఒక సంఘటన వివరాలిచ్చి, గంటలోపు రెండు దేశాలకు రెండు ప్రెస్ నోట్లు రాయమంటారు; మానిటరింగ్ చేసి వచ్చినవారు ఆ రెండింటికీ వేర్వేరు శీర్షికలతో మొదలుపెడతారు, తక్కినవారు ఒకటి రాసి దానికే కొన్ని మార్పులు చేస్తారు.