కేరీ గ్రాంట్ డిస్కుల పిచ్చి

హాలీవుడ్ హీరో కేరీ గ్రాంట్ పాత సినిమాలు డిస్కుల మీద పోగేస్తున్నా. అన్నిటికన్నా తిప్పలు పెట్టింది 1963 నాటి 'షరేడ్'. అప్పట్లో ప్రింటు మీద 'కాపీరైట్' అన్న మాటే వేయలేదు. నాటి అమెరికా చట్టం ప్రకారం అంతే సంగతులు, హక్కులు గల్లంతు. ఇంకేముంది, ఎవరుపడితే వాళ్లు డీవీడీలు వేసేశారు. నాకు దొరికిన చవక కాపీలో హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ కోటు రంగు వెలిసిపోయింది, మాటలు బావిలోంచి వస్తున్నట్టున్నాయి.

చివరికి అమెరికా నుంచి మంచి బ్లూరే తెప్పించా. ఈ డిస్కులకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది: అది రీజియన్ 'ఏ', మన దేశం రీజియన్ 'సి'. దానికోసం మళ్లీ అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే రీజియన్ ఫ్రీ ప్లేయర్! "ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉందిగా" అంటారు ఇంట్లో. ఉంది, ఆ వెలిసిన కాపీలే ఎక్కువ. నా బ్లూరేలో మాత్రం, పారిస్ నదిలో పడవ లైటు ఒడ్డున ఉన్న ప్రేమజంటల మీద పడే సీను అద్దంలా కనిపిస్తోంది.

తర్వాతి వేట 1940 నాటి 'హిజ్ గర్ల్ ఫ్రైడే'. దాని కాపీరైట్ రెన్యూ చేయలేదట, కాబట్టి అక్కడా ఇదే భాగోతం.