పన్నెండింటిలో ఇరవై ఆగాయట!

భీమవరం దగ్గర మా మేనమామ రొయ్యల చెరువులో నీటిలోకి గాలిని కలిపే యంత్రాలు, అంటే ఏరియేటర్లు, 12 ఉన్నాయి. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున వాటిలో ఎన్ని తిరుగుతున్నాయో, ఎన్ని ఆగాయో గట్టు మీది షెడ్డులోనే కనిపించేలా ఒక చిన్న బోర్డు తయారుచేయడానికి పూనుకున్నాను. ఏరియేటరుకొక బిట్ (0 లేదా 1 పట్టే గడి) చొప్పున, తిరుగుతుంటే 1, ఆగితే 0గా, 16 బిట్ల అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని) వేరియబుల్‌లో ఉంచాను.

ఒకట్లను లెక్కించే ఫంక్షన్ సులువుగానే కుదిరింది. ఒక సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో యాండ్ చేస్తే, అంటే రెండింటిలోనూ 1 ఉన్న చోటే 1 ఉంచితే, కుడివైపు చివరి 1 చెరిగిపోతుంది: 1100ను 1011తో యాండ్ చేస్తే 1000, దాన్ని 0111తో చేస్తే సున్నా. రెండు చుట్లు తిరిగింది కనుక రెండు ఒకట్లు. పీటర్ వెగ్నర్ 1960లోనే ప్రచురించిన ఉపాయమిది.

ఆగినవాటి కోసం బిట్లన్నిటినీ టిల్డా (~) గుర్తుతో తిరగేసి, అంటే 0ను 1గా, 1ని 0గా మార్చి, అదే ఫంక్షన్‌కు ఇచ్చాను. అన్నీ తిరుగుతుండగా తెర మీద 20 వచ్చింది. “ఉన్నవే పన్నెండు కదా అల్లుడూ, ఇరవై ఎలా ఆగిపోయాయి?” అన్నారు మామయ్య.

సీ భాషలో టిల్డా పని చేసేలోపే 16 బిట్ల విలువ ఇంట్‌గా, అంటే ఆ భాషలోని మామూలు పూర్ణసంఖ్య రకంగా, మారుతుంది. మా చిప్‌లో ఇంట్ అంటే 32 బిట్లు. అలా చేరిన 16 సున్నాలూ, నేను వాడని 4 సున్నాలూ కలిసి 20 ఒకట్లయ్యాయి. ఫలితాన్ని మళ్లీ 16 బిట్లకు కుదిస్తే 20 కాస్తా 4 అయిందే తప్ప సున్నా కాలేదు. నాకు కావలసిన 12 బిట్లనే మిగిల్చే మాస్క్‌తో, అంటే 4095తో, యాండ్ చేశాకే లెక్క కుదిరింది. ఆ మాస్క్‌ను వాడేవాళ్లకు వదిలేయకుండా, మొత్తం ఎన్నో అడిగి తీసుకునే ‘ఆగినవి ఎన్ని’ అనే వేరే ఫంక్షన్ లోపలే పెట్టాను.

మధ్యలో వేగం మీద మోజుతో, లూప్ లేకుండా మాస్కులతో, గుణకారంతో లెక్కించే పద్ధతీ రాశాను కానీ, వారం తరవాత చూస్తే నాకే అర్థం కాలేదు. సెకనుకొకసారి చదివే బోర్డుకు పన్నెండు చుట్లు ఒక లెక్కే కాదు కనుక తీసేశాను. సాధ్యమైన 65,536 విలువలనూ ఒక్కొక్క బిట్‌నే చూసే మామూలు లూప్‌తో సరిపోల్చాక బోర్డు బిగించాను.

మధ్యాహ్నం ఎండలో మామయ్య ఒక ఏరియేటరు ఆపితే తెర మీద 1 వచ్చింది. నమ్మకం కుదరక మరో రెండు ఆపి చూశారు.