కాసిన్ని కరివేపాకు

సింగపూర్‌లో మా ఫ్లాట్ ఉడ్‌ల్యాండ్స్‌లో, తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. పొడుగాటి వరండా, దాని వెంట ఆరు గుమ్మాలు. 2016లో ఇక్కడికి వచ్చాం. రెండేళ్ల దాకా ఆ గుమ్మాల్లో ఎవరి పేరూ నాకు తెలియదు. లిఫ్టులో ఎదురైతే ఓ నవ్వు నవ్వడం, తల ఊపడం, అంతే. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరితోనూ పనీ లేదు. ఆ పని లేకపోవడమే అసలు చిక్కని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు అమ్మ రోజుకు ఒక్కసారైనా నన్ను పక్కింటికి తరిమేది. పెరుగు తోడుకి ఒకసారి, అరసోలెడు కందిపప్పు చేబదులుకి ఇంకోసారి. తిరిగి ఇచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా పంపకూడదని రెండు జామకాయలో, గుప్పెడు చింతచిగురో వేసేది. మా వీధిలో ఎవరికి ఎవరితో స్నేహం ఎలా కుదిరిందని వెనక్కి తిరిగి చూస్తే, మొదట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగి ఉంటారు. ఇక్కడ మాకు ఆ అవసరం పడలేదు. ఫోన్లో నొక్కితే సరుకులు గుమ్మంలోకి వస్తాయి. అలా మావాడు అయిదేళ్లు వచ్చేదాకా ఒక్క ఇంటి తలుపు కూడా తట్టకుండానే పెరిగాడు.

2018 శ్రీరామనవమి రోజు పులిహోర కలుపుదామని చూస్తే ఫ్రిజ్‌లో కరివేపాకు లేదు. కరివేపాకు లేని పులిహోర దేవుడికి ఎలా పెట్టను? మన సరుకులు దొరికే లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కి వెళ్లి రావాలంటే రెండు గంటలు. నేను గొణుక్కుంటుంటే మావాడు, "అమ్మా, అక్కడుంది కదా" అని వరండా చివరికి చూపించాడు. నాలుగో గుమ్మం దగ్గర వరసగా కుండీలు. నిమ్మ, వాసనకి అన్నంలో వేసుకునే పాండాన్ ఆకు మొక్క, వాటి మధ్య నా భుజం ఎత్తున కరివేపాకు చెట్టు. వరండాలో నడవడానికి కనీసం 1.2 మీటర్ల దారి వదలాలని ఇక్కడ రూలు, అందుకని ఆ కుండీలన్నీ గోడకి ఒత్తుకుని ఉంటాయి. రోజూ వాటి పక్కనుంచే వెళ్తున్నా ఒక్కనాడూ ఆగి చూడలేదు. నేను వద్దనేలోపే వాడు వెళ్లి తలుపు కొట్టేశాడు.

తలుపు తీసింది అరవై దాటిన మలయ్ పెద్దావిడ. వాడు చెట్టుకేసి వేలు చూపించి "కొంచెం కావాలి" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి, రెమ్మ కాదు, ఏకంగా కొమ్మే కోసి వాడి చేతిలో పెట్టింది. పాండాన్ ఆకులు కూడా ముడేసి ఇచ్చి, అన్నంలో వేసుకోమంది. వాడు ఆ ఆకుల్ని గుండెలకి హత్తుకుని వరండా అంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో అన్నం పాండాన్ వాసన, పులిహోర కరివేపాకు వాసన.

గిన్నె సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది. కానీ వాళ్లు ముస్లింలు, మా ఇంటి వంట తింటారో లేదో తెలియదు. ఎక్కడ నొచ్చుకుంటారోనని ఒకటే టెన్షన్. చివరికి వెళ్లి ఆ మాటే నేరుగా అడిగేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "హలాల్ కాని వంటింట్లో వండింది మేం తినమమ్మా, ఏమీ అనుకోకు. పళ్లయితే ఎన్నయినా తీసుకురా" అంది. ఎంత హాయిగా అనిపించిందో. మావాడు మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. మా నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదనీ, మడి విప్పగానే ఒళ్లో కూర్చోబెట్టుకునేదనీ చెప్పాను. అర్థమైంది వాడికి. అప్పటినుంచి వేసవిలో లిటిల్ ఇండియాకి బంగినపల్లి వచ్చిందంటే మొదటి రెండు పళ్లు ఆ ఇంటికే. వాడికి ఆవిడ నెనెక్. మలయ్‌లో అమ్మమ్మా, నానమ్మా ఇద్దరూ నెనెక్‌లే.

సింగపూర్ ప్రభుత్వం 1989 నుంచి ప్రతి బ్లాకులో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఏ నిష్పత్తిలో ఉండాలో పరిమితులు పెట్టింది. ప్రభుత్వ ఫ్లాట్లు కొనేవాళ్లకి ఆ లెక్క వర్తిస్తుంది. మా వరండాలో ఇన్ని రకాల వాళ్లం పక్కపక్కనే ఉండటానికి అదో కారణం. పిల్లల్ని పెంచడానికి ఇది చాలా మంచి చోటని నేను గట్టిగా నమ్ముతాను. మావాడు స్కూల్లో మాతృభాష కింద హిందీ చదువుతాడు, ఎందుకంటే తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి గానీ తెలుగు లేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెలుగు నేర్పే పని పూర్తిగా నాదే. మిగతాది మాత్రం ఈ వరండా నేర్పింది.

ఎదురింటి చైనీస్ ముసలావిడ చాంద్రమాన నెలలో 1వ తేదీన, 15వ తేదీన నీచు ముట్టదు. ఆ మాట వినగానే నాకు మా ఇంటి అమావాస్యా, పౌర్ణమీ గుర్తొచ్చాయి. వాళ్ల నెల మొదలయ్యేది అమావాస్య నాడే. మావాడు గోడమీది కేలండర్ తెచ్చి వాళ్ల పండగలూ మన పండగలూ పక్కపక్కన రాసుకున్నాడు. 2025లో వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 29న వస్తే, మన ఉగాది మార్చి 30న వచ్చింది. నిండా రెండు చాంద్రమాన మాసాల తేడా.

వాళ్ల ఏడో నెలలో పితృదేవతలకి కింద గడ్డి మీద అన్నం, పళ్లు పెట్టి కాగితాలు కాలుస్తారు. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవమని నేను చెప్పకముందే మావాడికి తెలుసు. "తాతయ్యకి నాన్న పిండం పెట్టినట్టే కదా" అన్నాడు.

మా బ్లాకు కింద గోడల్లేని ఖాళీ హాలు ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. ఒక వారం అక్కడ మలయ్ పెళ్లి జరుగుతుంది, ఇంకో వారం అక్కడే చైనీయుల శవజాగరణ. ఎదురింటి తాతగారు పోయినప్పుడు మావాణ్ని తీసుకెళ్లాలా వద్దా అని చాలా ఆలోచించి, తీసుకెళ్లాను. వచ్చినవాళ్లకి వాళ్లు ఎర్రదారం ముక్క ఇస్తారు. వాడు దాన్ని పిడికిట్లో పట్టుకుని, ఆ ముసలావిడ పక్కన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇంటికొచ్చి స్నానం చేశాక, "మనూళ్లో తాతయ్య పోయినప్పుడు నన్నెందుకు తీసుకెళ్లలేదు" అని అడిగాడు. టికెట్లు దొరకలేదని చెప్పాను. అది నిజమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు అడగాల్సిన రోజు అంతకు ముందే, 2019లో వచ్చింది. పాప కడుపులో ఉంది, డెలివరీకి ఇంకా మూడు వారాలు టైముంది. మావారు ఆఫీసు పనిమీద జకార్తా వెళ్లారు. రాత్రి ఒకటిన్నరకి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో తెలుగువాళ్లు తెలుసు గానీ అందరూ దూరం. మావాణ్ని ఎక్కడ వదలను? గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి నాలుగో గుమ్మం కొట్టాను. నెనెక్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిద్రపోతున్న వాణ్ని వాళ్ల అల్లుడు భుజాన వేసుకుని తీసుకెళ్లాడు. కూతురు నాతోపాటు టాక్సీ ఎక్కి, తెల్లవారి మావారు దిగేదాకా ఆసుపత్రిలోనే కూర్చుంది.

మర్నాడు నెనెక్ వాడికి గుడ్డు, బ్రెడ్డు పెట్టి, యూనిఫారం ఇస్త్రీ చేసి స్కూలుకి పంపింది. ముందు రాత్రే మాంసం తింటాడో లేదోనని మా అమ్మకి వీడియో కాల్ చేసి అడగబోయిందట. అమ్మకి మలయ్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ ఫోన్లో ఏడ్చేశారని వాళ్ల అల్లుడు తర్వాత చెప్పాడు.

పాప బారసాలకి ఉయ్యాల తాడు మొదట పట్టుకున్నది నెనెక్కే. వాళ్లలోనూ పసిపిల్లలకి జుట్టు తీయించే వేడుక ఉందట, అందుకని మేం పుట్టు వెంట్రుకలు ఎప్పుడు తీయిస్తున్నామని ఏడాదంతా అడుగుతూనే ఉంది.

ఇప్పుడు మా వంటింటి కిటికీలో కూడా కరివేపాకు కుండీ ఉంది. ఆవిడ చెట్టు మొదట్లో వచ్చిన పిలక తీసి ఇచ్చిందే, బాగానే గుబురుగా పెరిగింది. అయినా పులిహోర కలిపే రోజున పాప చేతికి స్టీలు గిన్నె ఇచ్చి నాలుగో గుమ్మానికి పంపుతాను. "నెనెక్, కాసిన్ని కరివేపాకు" అని తెలుగులోనే అడుగుతుంది. ఆవిడ కత్తెర తీసుకుని బయటికి వస్తుంది.