పగటి లైట్ల వైరింగు: ఆరు వారాంతాల డైరీ

మొదటి వారాంతం

నా కారుది బూడిద రంగు. వాన పడి ఆరుతున్న తారు రోడ్డుదీ అదే రంగు. మొన్నామధ్య పొద్దున్నే సన్నని తుంపరలో వెళ్తుంటే ఎదురుగా ఓ వ్యాను ఓవర్‌టేక్ చేస్తూ నా లైనులోకి వచ్చేసింది. ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకుంది. ఆ డ్రైవరు దురుసుగా నడిపే మనిషని నేననుకోను, నన్ను చూడలేదంతే. ఇంటికొచ్చాక కూడా చేతుల వణుకు తగ్గలేదు. ఆ రోజే గట్టిగా అనుకున్నాను, ఈ కారుకి డీఆర్ఎల్‌లు, అంటే పగలు ముందువైపు వెలిగే లైట్లు, పెట్టాల్సిందేనని.

"హెడ్‌లైట్లే వేసుకుని తిరగొచ్చు కదండీ" అంది మా ఆవిడ. తిరగొచ్చు. కానీ మామూలు హాలోజెన్ "లో బీమ్" (కిందికి దించిన హెడ్‌లైటు) బల్బు ఒక్కోటి 55 వాట్లు తాగుతుంది. దాంతోపాటు వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటు, డ్యాష్‌బోర్డు లైట్లు అన్నీ వెలుగుతాయి. పైగా లో బీమ్ వెలుగంతా కిందికి, రోడ్డు మీదికే వాలి ఉంటుంది. పగటి లైటు మనకి దారి చూపించక్కర్లేదు. మనం వస్తున్నామని ఎదుటివాళ్లకి తెలిస్తే చాలు.

కొనేటప్పుడు ముఖ్యంగా చూసింది ఒక్కటే, లైటు అద్దం మీద "ఆర్ఎల్" అన్న గుర్తు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 87వ నంబరుది ఈ లైట్ల గురించే. ఒక్కో లైటు నేరుగా ముందుకి కనీసం 400 క్యాండెలాల (వెలుగు తీవ్రతకి కొలత) వెలుగు ఇవ్వాలి, 1200 దాటకూడదు. ఆ పరీక్షలో నెగ్గిన లైటుకే ఆ గుర్తు వేస్తారు. అది లేని జత ఎంత మెరిసినా నేను తీసుకోను. మధ్యాహ్నం ఎండలో కనబడకపోతే దండగ, మబ్బు పట్టినప్పుడు ఎదుటివాడి కళ్లు చెదిరితే ప్రమాదం.

సాయంత్రం బల్ల మీద పెట్టి 13.8 వోల్టులు ఇచ్చి చూశాను. ఒక్కో లైటు 0.55 ఆంపియర్లు లాగింది. రెండూ కలిపి 1.1, అంటే దాదాపు 15 వాట్లు. ఈ అంకె రాసి పెట్టుకున్నాను. ఫ్యూజు, వైరు మందం రెండూ దీన్నిబట్టే తేలతాయి: 3 ఆంపియర్ల ఫ్యూజు, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇంత చిన్న లోడుకి అంతకన్నా లావు వైరు అక్కర్లేదు. ఫ్యూజు మాత్రం వైరు తట్టుకోగల దానికన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలి.

రెండో వారాంతం

బంపర్ విప్పడం, బిగించడం. పెద్దగా చెప్పుకోవాల్సిందేం లేదు, క్లిప్పులు రెండు విరిగాయి, కొత్తవి వేశాను.

అట్టముక్కల్ని లైటు సైజుకి కత్తిరించి, టేపుతో అంటించి, దూరం నుంచి చూసుకున్నాను. మొదట అనుకున్న చోటు చూడ్డానికి బాగుంది. కొలత టేపు పెట్టి చూస్తే నేల నుంచి 23 సెంటీమీటర్లే. అమరిక సంగతి చెప్పే 48వ నంబరు నిబంధన ప్రకారం కనీసం 25 ఉండాలి, 150 దాటకూడదు. రెండు లైట్ల మధ్య ఎడం 60 సెంటీమీటర్లకి తగ్గకూడదు. అందుకని కింది గ్రిల్ పై అంచుకి జరిపాను. ఇప్పుడు ఎత్తు 31, ఎడం 98.

లైటు వెనక కనెక్టరు నోరు కిందికి ఉండేలా తిప్పాను. వైరుని కనెక్టరు కన్నా కిందికి దించి, మళ్లీ పైకి తీసుకెళ్లాను. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతాయి, కనెక్టరులోకి పోవు.

మూడో వారాంతం

లైట్లతోపాటు అగ్గిపెట్టెంత కంట్రోల్ డబ్బా ఒకటి ఇచ్చారు. ఎర్ర వైరు బ్యాటరీ పాజిటివ్‌కి, నల్ల వైరు ఎర్త్‌కి, మూడోది పార్కింగ్ లైటు వైరుకి. ఇగ్నిషన్ వైరుతో పనే లేదు. ఇంజిన్ స్టార్టయితే లైట్లు వాటంతటవే వెలుగుతాయి, ఆపితే ఆరిపోతాయి. ఇంత తేలికా అని సంబరపడ్డాను. గంటన్నరలో పని అయిపోయింది, ఇంటి ముందు అన్నీ చక్కగా పనిచేశాయి.

మర్నాడు రోడ్డు మీద ఓ పాల ట్యాంకరు వెనక వెళ్తున్నాను. అద్దంలా మెరిసే దాని వీపు మీద నా లైట్లు రెండూ కనబడుతున్నాయి. చూస్తుండగానే ఆరిపోయాయి. సిగ్నల్ దగ్గరికొచ్చి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మళ్లీ వెలిగాయి. బయల్దేరి వేగం అందుకున్నాక మళ్లీ లేవు. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఆరిపోయి, ఆగబోతుంటే వెలుగుతున్నాయి. నాకు కావాల్సిందానికి సరిగ్గా తలకిందులు.

సాయంత్రం తమ్ముణ్ని నడపమని, నేను పక్కన మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. స్టార్ట్ చేయగానే 14.3 వోల్టులు. పది నిమిషాలయ్యాక, ఒకే వేగంతో వెళ్తుంటే 12.7. వాడు కాలు తీస్తే 14.6కి ఎగబాకింది. అప్పుడర్థమైంది.

ఆ డబ్బాకి ఇంజిన్ నడుస్తోందని ఎవరూ చెప్పరు, బ్యాటరీ వోల్టేజీని చూసి అదే ఊహించుకుంటుంది. ఆపి ఉన్న కారులో నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్‌తోపాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నడుస్తుంటే 14 దాటుతుంది. కాబట్టి మధ్యలో ఎక్కడో గీత గీసి, దాటితే ఆన్, దిగితే ఆఫ్ అనుకుంటుంది. బల్ల మీద పెట్టి చూస్తే నా డబ్బా 13.2 దగ్గర వెలిగించింది, 12.8కి దిగాక కొన్ని సెకన్లు ఆగి ఆర్పేసింది. పాత కార్లకి ఈ లెక్క సరిపోతుంది. ఇప్పటి చాలా కార్లలో ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వాలో ఇంజిన్ కంప్యూటరే చెబుతుంది. బ్యాటరీ నిండితే వోల్టేజీ తగ్గించి ఇంజిన్ మీద భారం తగ్గిస్తుంది, ఇంధనం ఆదా అవుతుంది. వేగం తగ్గేటప్పుడు ఎటూ వృథా అయ్యే శక్తి కాబట్టి అప్పుడు పెంచుతుంది. అంటే డబ్బాలో లోపం లేదు, కారులోనూ లేదు. ఒకదాని భాష రెండోదానికి తెలియదంతే.

ఇలాంటి డబ్బా కొనబోయే వాళ్లు ముందుగా ఓ పావుగంట మీటరు పెట్టుకుని నడిపి చూడండి. ప్రయాణంలో వోల్టేజీ 13.2 కన్నా కిందికి జారుతుంటే అది మీ కారుకి పనికిరాకపోవచ్చు.

నాలుగో వారాంతం

డబ్బా తీసేశాను. దాని చోట మామూలు ఐదు కాళ్ల రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, పెట్టాను. దీన్ని గీసుకోవడానికి ఒక కాగితం చాలు, పాడైతే ఎక్కడైనా దొరుకుతుంది.

కాళ్ల నంబర్లు 30, 87, 87ఏ, 85, 86. 85, 86 లోపలి కాయిల్ రెండు కొసలు. ఆ కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30, 87ఏ రెండూ కలిసి ఉంటాయి. కాయిల్‌కి కరెంటు అందితే 87ఏ విడిపోయి 30 వెళ్లి 87ని తాకుతుంది. నాకు కావాల్సింది ఆ మొదటి జంటే. కీ తిప్పితే వచ్చే కరెంటుని 30కి ఇచ్చాను. 87ఏ నుంచి రెండు లైట్లకీ వైర్లు వెళ్లాయి. 86కి పార్కింగ్ లైటు వైరు, 85కి ఎర్త్. కీ ఆన్ చేస్తే లైట్లు వెలుగుతాయి. చీకటి పడి పార్కింగ్ లైట్లో హెడ్‌లైట్లో వేస్తే కాయిల్ లాగుతుంది, పగటి లైట్లు ఆరిపోతాయి. 87 ఖాళీగా ఉంది, దానికి టేపు చుట్టాను.

కాయిల్ కొలిస్తే 88 ఓములు వచ్చింది, అంటే పార్కింగ్ లైటు వైరు మీద అదనంగా పడేది 0.16 ఆంపియర్లే. కాయిల్ ఆఫ్ అయ్యే క్షణంలో ఎదురు వోల్టేజీ ఒకటి ఎగసిపడుతుంది కాబట్టి లోపల డయోడ్ (కరెంటుని ఒకవైపుకే పోనిచ్చే ముక్క) ఉన్న రిలే తీసుకున్నాను. అందులో 85, 86 తారుమారు చేస్తే డయోడ్ కాలిపోతుంది, రిలే మీదున్న బొమ్మ చూసుకునే కలపాలి. ఇంకో సంగతి: కొన్ని కార్లలో కంప్యూటరు పార్కింగ్ లైటుకి కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఆ వైరు మీద మీటరు బ్యాటరీ కన్నా బాగా తక్కువ చూపించినా, రిలే జుయ్యిమని మోగినా అదే కారణం. నా కారులో ఆ వైరు మీద, బ్యాటరీ మీద వోల్టేజీ సమానంగానే ఉంది.

కీ కరెంటు కోసం మొదట ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజు అనుకున్నాను. కీ తీసి, కారు లాక్ చేసి, 20 నిమిషాలయ్యాక చూసినా అక్కడ 12 వోల్టులున్నాయి. వదిలేశాను. వెనక వైపర్ ఫ్యూజు కీతోపాటే చచ్చిపోతోంది, అదే ఖాయం చేశాను. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటరు ఫ్యూజుల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి. పసుపు తొడుగున్న వైర్లు ఎక్కువగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి టెస్టర్ బల్బు కూడా తాకించొద్దు.

పాత ఫ్యూజు తీసి, ఆ చోట ఫ్యూజ్ ట్యాప్ గుచ్చాను. అందులో ఫ్యూజులు రెండు పడతాయి, పాతదొకటి, మన కొత్తదొకటి. దీన్ని అటూ ఇటూ ఎలా గుచ్చినా పనిచేసినట్టే కనబడుతుంది, కానీ సరైన వైపు ఒక్కటే. అది తేల్చడానికి ట్యాప్‌లోంచి పాత ఫ్యూజు పీకేశాను. పగటి లైట్లు ఆరిపోయాయి. అంటే నా కరెంటు కూడా పాత ఫ్యూజులోంచే వెళ్తోంది, రెండు భారాలూ దాని మీదే. తిప్పి గుచ్చితే, పాతది పీకినా లైట్లు వెలిగాయి. ఇప్పుడు దేని దారి దానిది.

ఫ్యూజ్ బాక్స్ కారు లోపల, రిలే బానెట్ కింద. మధ్యలో రేకు గోడ. దానికి కొత్త కన్నం వేయలేదు. పెద్ద వైర్ల కట్ట వెళ్లే కన్నానికి తొడిగిన రబ్బరు గ్రామెట్‌కి పక్కన చిన్న మూసిన మొన ఉంటే దాని కొస కోసి, గట్టి ఇనప తీగ ముందు దూర్చి, దానికి వైరు కట్టి లాగాను. ఆ మొన వైరుని గట్టిగా కరుచుకుంది.

పార్కింగ్ లైటు వైరు దగ్గర చాలాసేపు పట్టింది. నొక్కితే కరుచుకునే ప్లాస్టిక్ క్లిప్పులు వాడలేదు, వాటి బ్లేడు రాగి పోగుల్ని కోసేస్తుంది, తడి చేరి రెండేళ్లలో పచ్చగా చిలుముపడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, వైరుని తెంపకుండా, ఒక సెంటీమీటరు మేర తొడుగు మాత్రం ఒలిచాను. పోగుల్ని సూదితో రెండు పాయలు చేసి, ఆ సందులోంచి కొత్త వైరు కొస దూర్చి, మెలితిప్పి, సోల్డర్ చేశాను. సోల్డర్ పీల్చుకున్న చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది, కుదుపులకి దాని పక్కనే విరుగుతుంది. అందుకే పైన సాగదీసి చుట్టే రబ్బరు టేపు వేశాక, అతుకుకి రెండువైపులా కట్ట వైర్లతో కలిపి ట్యాగులు బిగించాను, అక్కడ కదలిక ఉండకూడదని. మిగతా చోట్లన్నీ క్రింపింగే (లోహపు తొడుగుని వైరు మీద నొక్కి బిగించడం), పైన వేడికి ముడుచుకునే, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు.

ఐదో వారాంతం

గతుకుల్లో ఎడమ లైటు మినుకుమంటోందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. లైట్లు అటుదిటు మార్చి చూశాను. మళ్లీ ఎడమ వైపే మినుకు. లైటు మంచిదే, దారిలోనే ఉంది తప్పు.

లైట్లు వెలిగించి, మీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది లైటు నల్ల వైరు మీద పెట్టాను. కుడివైపు 0.02 వోల్టులు. ఎడమవైపు 0.9. తిరిగి వచ్చే దారిలోనే అంత వోల్టేజీ పోతోంది. ఎర్త్ బోల్టు విప్పి చూస్తే కింద నున్నటి పెయింటు, రింగ్ టెర్మినల్ దాని మీదే కూర్చుంది. కరెంటు మరల సందుల్లోంచి ఎలాగో దారి చేసుకుని వస్తోంది. రేకు తెల్లగా కనబడేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. ఇప్పుడు ఎడమవైపూ 0.02.

ఆ ఎర్త్‌ని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. నా కారులో ఆ టెర్మినల్ మీద కరెంటుని కొలిచే చిన్న సెన్సర్ ఉంది, బ్యాటరీలోంచి ఎంత పోతోందో కంప్యూటరుకి చెప్పేది అదే. టెర్మినల్‌కే తగిలిస్తే మన కరెంటు దాని లెక్కలోకి రాదు. బాడీకి ఇస్తే వస్తుంది.

ఆరో వారాంతం

కీ తీసినప్పుడు ఎంత కరెంటు కారుతోందో చూశాను. బానెట్ గడియని స్క్రూడ్రైవర్‌తో మూసి, కారుకి బానెట్ వేసినట్టే అనిపించేలా చేసి, తలుపులు లాక్ చేసి, బ్యాటరీ నెగటివ్‌లో మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో వరుసగా కలిపి అరగంట ఆగాను. లైట్లు పెట్టకముందు, మొదటి వారం ఇలాగే కొలిచి రాసుకున్న అంకె 27 మిల్లీఆంపియర్లు. ఇప్పుడూ 27. కొత్త వైరింగు ఏమీ తాగడం లేదు.

పైపుతో పది నిమిషాలు బంపర్ మీద నీళ్లు కొట్టి, కనెక్టర్లు విప్పి చూశాను. లోపల పొడిగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండలో 200 మీటర్ల దూరం నడిచి వెళ్లి వెనక్కి తిరిగాను. కారు చిన్న మచ్చలా ఉంది, దాని రంగేంటో తెలియడం లేదు. రెండు తెల్లటి చుక్కలు మాత్రం స్పష్టంగా కనబడ్డాయి. అక్కడే కాసేపు నిలబడి చూశాను.

రిలే బొమ్మ, ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో దాని రంగుతో సహా, 3 ఆంపియర్ల ఫ్యూజు ఏ గదిలో ఉందో కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్యూజ్ బాక్స్ మూత లోపలివైపు అంటించాను. రేపు ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా, మూత తీసిన మెకానిక్ ఈ రెండు వైర్లు ఎక్కడివా అని వెతుక్కోనక్కర్లేదు.