మా వాడి నల్లదేవుడు

మా వాడికి పన్నెండేళ్లు. కుంభకర్ణుడు బాగా తెలుసు, రామాయణం మాత్రం తెలియదు. స్మైట్ అనే గేమ్‌లో కుంభకర్ణుడు చావాల్సిన చోట నిద్రపోతాడు, కాసేపటికి మళ్లీ లేస్తాడు. "భలే పవర్ అమ్మా!" అంటాడు వీడు. అదే గేమ్‌లో రాముడు, వినాయకుడు, కాళి కూడా ఉన్నారు. కాళిని చూపించిన తీరు బాగాలేదని 2012లోనే కొందరు హిందువులు అభ్యంతరం చెప్పారు. మొదట్లో నేనూ రుసరుసలాడాను. తీరా చూస్తే మా వాడు వాళ్లెవరినీ ఎంచుకోడు. వాడికి ఎప్పుడూ చెర్నోబోగే. 2018లో ఆ గేమ్‌లోకి వచ్చిన, తూర్పు యూరప్ వైపు జాతులైన స్లావుల చీకటి దేవుడు. పేరుకు అర్థం నల్లదేవుడు. గాల్లోకి లేచి ఎదుటివాళ్ల కళ్లకు చీకటి కమ్మించేస్తాడు.

మేముండేది జర్మనీలో, డ్రెస్డెన్‌లో. మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం బౌట్జెన్ వైపు వెళ్లాం. అక్కడ ఊరి పేర్లు రెండు భాషల్లో ఉంటాయి, జర్మన్‌లోనూ సోర్బుల భాషలోనూ. సోర్బులంటే అక్కడే తరతరాలుగా ఉంటున్న చిన్న స్లావ్ జాతి. దగ్గర్లో ఒక కొండ ఎక్కుదామని బయల్దేరాం. దారిలో బోర్డు దగ్గర మా వాడు టక్కున ఆగిపోయాడు. కూడబలుక్కుని చదివాడు: చోర్నెబోహ్. "అమ్మా, ఇది నా గేమ్ దేవుడే!"

కొండ మీద 19వ శతాబ్దపు రాతి బురుజు ఉంది. దాని మెట్ల మీద పులిహోర డబ్బా తెరిచాం. వాడు ఒక చేత్తో పల్లీలు ఏరుకుని తింటూ తనకు తెలిసిందంతా చెప్పుకొచ్చాడు. 1997లో వచ్చిన బ్లడ్ గేమ్‌లో చివరి శత్రువు, అంటే ఫైనల్ బాస్, ఇతనేనట. 2002లో కింగ్‌డమ్ హార్ట్స్‌లో రెక్కలు విప్పుకుని వస్తాడట. ఆ రెక్కలు మాత్రం 1940 నాటి డిస్నీ వాళ్ల ఫాంటేసియాలోవి. ఆ సినిమాలో కొండ కొమ్ము మీంచి లేచే ఆ ఆకారాన్ని గీసింది బిల్ టైట్లా. అమెరికాకు వలస వెళ్లిన ఉక్రెయిన్ దంపతుల కొడుకు. డ్రాక్యులా వేషంతో పేరుపొందిన బేలా లుగోసీని పిలిపించి పోజులు పెట్టించారు గానీ, టైట్లాకు అవి నచ్చలేదు. చివరికి ఆ భాగం దర్శకుడినే చొక్కా విప్పి నిలబడమన్నాడట. వలస వచ్చినవాళ్ల బిడ్డ అమ్మానాన్నల వైపు దేవుణ్ని అమెరికా తెరకెక్కించాడన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది.

"మరి నలుపంటే విలనేనా?" అన్నాడు మా వాడు, నా వైపు చూడకుండా. రెండో క్లాసు నాటకంలో దొంగ వేషం వీడికే ఎందుకు పడిందో ఇంట్లో మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక కూర్చుని వెతికాను. ఇన్ని గేములు, సినిమాలు చేసిన దేవుడి గురించి పాత ఆధారం ఎంతుందనుకున్నారు? నాలుగైదు వాక్యాలు. 12వ శతాబ్దంలో హెల్మోల్డ్ అనే జర్మన్ పాదిరి రాసినవి. స్లావులు విందుల్లో ఒక గిన్నెను చేతులు మారుస్తూ మంచి దేవుడి పేరునా చెడ్డ దేవుడి పేరునా ఏవో మాటలు చదువుతారనీ, చెడ్డవాణ్ని నల్లదేవుడంటారనీ రాశాడు. ఆ మాటలు దీవెనలు కావు, శాపాలంటూ ఒక దెప్పు కూడా పొడిచాడు. ఆ దేవుడు నిజంగా చెడ్డవాడో, పాదిరి కంటికి అలా కనిపించాడో చెప్పడానికి ఆ తెగలవాళ్లు ఒక్క అక్షరం రాసి పెట్టలేదు. సోర్బుల భాష ఇంకా ఉంది గానీ, హెల్మోల్డ్ రాసిన ఆ ఉత్తరాది తెగల వైపు చివరిదాకా మిగిలిన వాళ్ల భాష కూడా 18వ శతాబ్దంలో మాట్లాడే దిక్కులేక పోయింది. చివరికి మేమెక్కిన కొండ పేరు కూడా అంత పాతది కాదు, తర్వాతి పండితుల ఉత్సాహం.

1916లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మన గ్రామదేవతల మీద ఒక పుస్తకం వేశాడు. పోచమ్మ గురించి లోకంలో ఆ పుస్తకం ఒక్కటే మిగిలి ఉంటే, మా వాడు ఏ గేమ్‌లో ఏ బాస్ ఫైట్‌లో ఆమెను చూసేవాడో! నాలుగేళ్ల కిందట బోనాలప్పుడు ఒంటినిండా పసుపు, చేతిలో కొరడాతో పోతరాజు ఎగురుతుంటే వీడు నా వెనక దాక్కుని "ఫైనల్ బాసా?" అన్నాడు. "బాసేంది బిడ్డా, అమ్మవారి తమ్ముడు" అని మా అమ్మ వాణ్ని ముందుకు తోసింది.

ఆ వెతుకులాటలోనే ఇంకోటి దొరికింది. స్లావుల 'బోగ్', మన భగవంతుడిలోని 'భగ' చుట్టాలంటారు భాషావేత్తలు. నలుపుకు వాళ్లనే 'చెర్న్', సంస్కృతంలో 'కృష్ణ' కూడా ఒకే మూలానివట. మా వాణ్ని పిలిచి కాగితం మీద చెర్నోబోగ్, కృష్ణ భగవాన్ అని రెండు పేర్లూ పక్కపక్కన రాసి గీతలు గీసి చూపించాను. చాలాసేపు చూశాడు.

ఆ సాయంత్రం కరీంనగర్ నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అంది.

"నల్ల దేవుడితో ఆడుతున్నా అమ్మమ్మా."

"కిట్టయ్యతోనా? మంచిగ ఆడు. ముందు అన్నం తిను."

వాడు నా వైపు చూసి నవ్వాడు. గేమ్ ఆపలేదు.