ఒకే ఫిడేలు, రెండు శ్రుతులు

విజయనగరం సంగీత కళాశాలలో నేను చేరేనాటికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పోయి చాలా ఏళ్లయింది. అయినా వయొలిన్ క్లాసులో ఆయన మాట రాని రోజు ఉండేది కాదు. 1919లో కాలేజీ పెట్టినప్పుడే ఫిడేలు నేర్పడానికి వచ్చి, 1936లో ప్రిన్సిపాల్ అయిన మహానుభావుడు. మా మాస్టారు పొద్దున్నే ఒక్క షడ్జమం (స స్వరం) మీద కమానును, అంటే ఫిడేలు తీగల మీద లాగే బద్దను, ఈ కొస నుంచి ఆ కొసకి అరగంట లాగించేవారు. నాదం ఎక్కడైనా వణికితే మళ్లీ మొదటి నుంచీ. ఆ సాధనే తర్వాత నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది.

మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాకి మొదటిసారి పిలుపొచ్చిన రోజు బాగా గుర్తు. మన కర్ణాటక పద్ధతిలో తీగల్ని స-ప-స-ప శ్రుతి చేసుకుని, నేల మీద కూర్చుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. అక్కడ పాశ్చాత్య పద్ధతి: కుర్చీ, గడ్డం కింద ఫిడేలు, జి-డి-ఎ-ఇ శ్రుతి. బిరడాలు తిప్పుతుంటే చేతులకి చెమటలు. వెనక వరసలో కూర్చోబెట్టారు. పాట మొదలయ్యాక చూస్తే అందరి కమానులూ కిందికి దిగుతున్నాయి, నాదొక్కటే పైకి వెళ్తోంది. పక్కాయన పెన్సిల్‌తో నా కాగితం మీద డౌన్ బో, అప్ బో (కమాను కిందికి, పైకి) గుర్తులు పెట్టి, "గమకం వద్దు తమ్ముడూ, స్వరం నిలబెట్టు చాలు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్లు ఆ గమకం కోసమే, స్వరాన్ని ఊపి పలికించడం కోసమే కదా చచ్చీ చెడీ నేర్చుకున్నది!

ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపి, స్టాఫ్ నొటేషన్, ఆ పక్కాయన దగ్గరే నేర్చుకున్నాను. చదవడం ఆరు నెలల్లో వచ్చింది. పదిమందిలో నా శబ్దం విడిగా వినపడకుండా వాయించడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

1986లో ఇళయరాజాగారి 'హౌ టు నేమ్ ఇట్' క్యాసెట్ వచ్చింది. త్యాగయ్యకీ జర్మన్ సంగీతకర్త బాఖ్‌కీ అంకితం. అందులో వి.ఎస్. నరసింహన్‌గారి వయొలిన్ విని టేప్ అరిగిపోయేదాకా తిప్పాను. కింద తీగవాద్యాల హార్మనీ, అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాలు, కదలకుండా నిలబడి ఉంటే పైన మన రాగం జారుతూ వెళ్తుంది. రెండు చదువులూ ఒకే చేతిలో ఇముడుతాయని అప్పుడు నమ్మకం కలిగింది.

అక్కణ్నుంచి పగలు రికార్డింగులు, సాయంత్రం గాత్ర కచేరీలకి పక్కవాద్యం, డిసెంబరులో చర్చి క్వయర్, మధ్యలో లలిత సంగీతం, గజళ్లు. కీబోర్డులొచ్చి మా వరసలు పలచబడ్డప్పుడు టెన్షన్ పడ్డాను. ఇంటి అద్దె కట్టించింది కచేరీలే.

నా ఫిడేలు ఇప్పటికీ అదే. పాదం ఆనినచోట తల దగ్గర పాలిష్ పోయింది, గడ్డం ఆనినచోట ఇంకో మచ్చ. ఏటా దసరాకి ఊరొస్తాను. కాలేజీ పిల్లల్లో స్టాఫ్ నొటేషన్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఫిడేలు, ఒక పెన్సిల్ పట్టుకుని రండి.